చక్కెర లేని బార్బెక్యూ రిబ్స్: కోల్‌కతా వంటింటి చిట్కాలు

మా వారికి షుగర్ ఉందని తేలాక మా ఇంట్లో ఆదివారం మాంసం మానలేదు, తీపి మానేశాం. పిల్లలకేమో బార్బెక్యూ రిబ్స్ అంటే ప్రాణం. బజార్లో దొరికే బార్బెక్యూ సాస్ సీసా వెనక్కి తిప్పి చూస్తే చాలావాటిలో 100 గ్రాములకు 30 గ్రాముల పైచిలుకు చక్కెర కనిపిస్తుంది. ఐదుగురికి పావుకిలో సాస్ వాడితే మనిషికి 15 గ్రాములు, అంటే సుమారు 4 టీస్పూన్ల చక్కెర మాంసంతో పాటు లోపలికి పోతుంది. మాంసంలో పిండిపదార్థం దాదాపు లేనే లేదు. చిక్కంతా సాస్‌లోనే ఉంది.

కోల్‌కతాలో ఉండే తెలుగువాళ్ళకి ఈ వంట నిజానికి తేలిక. 1856లో అవధ్ రాజ్యం పోయి నవాబు వాజిద్ అలీ షా మటియాబుర్జ్‌కి వచ్చి స్థిరపడ్డాక దమ్ వంట ఇక్కడ వేళ్ళూనుకుంది. చిత్‌పూర్‌లో 1905 నుంచి ఉన్న రాయల్ ఇండియన్ హోటల్ మటన్ చాప్‌కి పెట్టింది పేరు. వెడల్పాటి గిన్నెలో పక్కటెముకల ముక్కలు సన్నసెగ మీద గంటల తరబడి మగ్గుతాయి. ఆ వంటకంలో తీపి సాస్ ఊసే లేదు, అయినా ఎముక పక్కనున్న మాంసం వేలితో తాకితే విడిపోతుంది. రిబ్స్‌కి రుచి ఇచ్చేవి ఉప్పు, పులుపు, పొగ, కరిగిన కొవ్వు, చివర్లో ఎర్రగా కాలిన పైపొర. ఈ ఐదూ కుదిరితే తీపి కోసం ఎవరూ వెతుక్కోరు. కింది పద్ధతి స్లో కుక్కర్‌ది, కొలతలు కిలోన్నర రిబ్స్‌కి, ఐదుగురికి.

1. పోర్క్ తినే ఇళ్ళవాళ్ళు ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోని కల్మాన్ కోల్డ్ స్టోరేజ్ లాంటి పాత దుకాణాల్లో, లేదా న్యూ మార్కెట్ మాంసం వరసల్లో అడగండి. వీపు వైపు ఎముకలు పొట్టిగా, వంపు తిరిగి ఉంటాయి. వాటి మీద కొవ్వు తక్కువ, త్వరగా ఉడుకుతాయి. పొట్ట వైపువి పొడుగ్గా, బల్లపరుపుగా, కొవ్వు పట్టి ఉంటాయి. స్లో కుక్కర్‌కి నేను ఈ రెండోవాటినే ఎంచుకుంటాను. ఎముకల మధ్య ఉన్న తెల్లటి బంధన కణజాలం గంటల తరబడి వేడి తగిలితే కరిగి జిగురుగా మారుతుంది. నాలుక మీద తెలిసే ఆ నునుపు, చక్కెర సాస్ తెచ్చే జిగటకన్నా ఎంతో మేలు.

పోర్క్ తినని ఇళ్ళలో మేక పక్కటెముకలు వాడండి. ఇక్కడ కసాయి కొట్లో రెండు రకాలు చెబుతారు: కొచి పాంఠా అంటే లేత మేక, రేవాజీ ఖాసీ అంటే బాగా మేపి కొవ్వు పట్టించిన మేకపోతు. వేపుడుకి, పల్చటి పులుసుకి లేతది బాగుంటుంది గానీ ఏడెనిమిది గంటలు స్లో కుక్కర్‌లో పెడితే పీచుపీచుగా ఎండిపోతుంది. మనకి కావలసింది రేవాజీ.

2. కొట్లో అడగడం కూడా తెలియాలి. మన ఊళ్ళలో మటన్ చాప్స్ అంటే ఇచ్చేదే ఇక్కడ సీనా వైపు ముక్క. ఊరుకుంటే చటుక్కున కత్తికింద పెట్టి అంగుళం ముక్కలు కొట్టి ఇస్తారు. అందుకని తూకం వేయకముందే చెప్పాలి: "దాదా, సీనార్ దిక్‌టా దిన్, లంబా కొరే కాట్‌బేన్." సీనా వైపుది ఇవ్వండి, పొడుగ్గా కొయ్యండి అని. మూడేసి, నాలుగేసి ఎముకలు కలిసి ఉన్న పట్టీలుగా ఉంటే ఉడికాక కూడా విడిపోకుండా నిలబడతాయి, పైన మసాలా పట్టడానికి చోటుంటుంది. చిన్న ముక్కలైతే మూడు గంటలకే ఎముక ఊడి పోతుంది, అడుగున ఎముక పలుకులు చేరతాయి. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం కూడా.

3. పట్టీని తిప్పి చూస్తే లోపలి వైపు, ఎముకల మీద తెల్లటి పల్చని పొర ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయాలి. ఎంతసేపు ఉడికినా అది మెత్తబడదు, మసాలాని లోపలికి పోనివ్వదు. చెంచా వెనక కొసని ఒక మూల ఎముకకీ పొరకీ మధ్య దూర్చి కాస్త లేపి, పొడిగుడ్డతో గట్టిగా పట్టుకుని లాగితే ఒకే పట్టున ఊడి వస్తుంది. ఉత్త చేత్తో లాగితే జారిపోతుంది. మేక పట్టీల్లో ఈ పొర పల్చగా ఉంటుంది, అది రాకపోతే కత్తి కొసతో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి వదిలేయండి.

4. ముందురోజు రాత్రే ఉప్పు పట్టించండి. కిలోన్నరకి మూడు టీస్పూన్లు. మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉంచితే తెల్లారేసరికి పైతడి ఆరి మాంసం లోపలిదాకా ఉప్పు పాకుతుంది. బీపీ ఉన్నవాళ్ళు రెండు టీస్పూన్లతో సరిపెట్టి, లోటు పులుపుతో పూడ్చుకోవచ్చు.

5. బెంగాలీ ఇళ్ళలో మాంసం మెత్తబడడానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు. ఇత్తడి గిన్నెలో గంటలో దించే వంటకి అది సరైన ఉపాయమే. స్లో కుక్కర్‌లో పెట్టే మాంసానికి మాత్రం ఆ ముద్ద పట్టించవద్దు. బొప్పాయిలోని రసం, ఎనిమిది గంటల వేడి రెండూ కలిస్తే పైపొర పిండిలా అయిపోతుంది.

6. మసాలా పొడి మాంసానికి అంటుకోవడానికి అమెరికాలో పసుపు ఆవముద్ద రాస్తారు. మనకి ఇక్కడ దానికన్నా మంచిది ఉంది, కాసుంది. ఆవాలు, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, పులుపు కలిపి పులియబెట్టిన ఈ ఆవపచ్చడిని పూర్వం అక్షయ తృతీయ నాడు శుచిగా పెట్టేవారు. రెండు పెద్ద చెంచాలు తీసుకుని రిబ్స్ రెండు వైపులా పల్చగా రాయండి. ఉడికాక ఆవఘాటు ఉండదు, వాసన మిగులుతుంది. కొనే సీసా అయితే వెనక ఉన్న జాబితా చదవండి, కొన్నిటిలో చక్కెర కలుపుతారు. ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు: నల్ల ఆవాలు, పసుపు ఆవాలు సమంగా తీసుకుని, రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పచ్చిమిర్చి, ఉప్పు వేసి నూరితే చాలు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళతో నూరితే చేదెక్కుతుంది. ఆవకాయ పెట్టే చేతులకి ఇది చెప్పనక్కర్లేదు.

7. కాసుంది మీద చల్లే పొడి: కాశ్మీరీ కారం రెండు పెద్ద చెంచాలు, వేయించి దంచిన జీలకర్ర ఒకటి, ధనియాల పొడి ఒకటి, మిరియాల పొడి ఒక టీస్పూను, సోంపు పొడి అర టీస్పూను, చిన్న దాల్చినచెక్క ముక్క పొడి. సోంపు, దాల్చినచెక్క మన నాలుకకి తీపి వస్తువుల్లో అలవాటైన వాసనలు. అవి తగిలితే చక్కెర లేకపోయినా రుచి గుండ్రంగా అనిపిస్తుంది. అతిమధురం కూడా కొందరు వేస్తారు. బీపీ ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు, రక్తపోటు పెంచుతుంది. నేను వేయను.

8. బెల్లం, తేనె, ఖర్జూరం వేసి చక్కెర లేదని చెప్పుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే శీతాకాలం రాగానే ఈ ఊళ్ళో ప్రతి వంటలోకీ నొలేన్ గుడ్ వచ్చి చేరుతుంది. ఈతచెట్టు నుంచి దించిన తాజా నీరా కాచి చేసే ఆ బెల్లం వాసన అద్భుతమే. అయినా బెల్లంలో ఎక్కువ పాలు చక్కెరే, తేనెలో దాదాపు 80 శాతం చక్కెర. షుగర్ ఉన్న మనిషి రక్తానికి వీటి మధ్య తేడా తెలియదు. సాస్‌లో ఒక చెంచాడే కదా అనుకుంటే, ఆ చెంచా ఆదివారం ఆదివారం పెరుగుతుంది.

9. సీసాల మీది పెద్ద అక్షరాలు నమ్మకండి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం షుగర్ ఫ్రీ అని రాయాలంటే 100 గ్రాములకు చక్కెర అర గ్రాముకి మించకూడదు. నో యాడెడ్ షుగర్ అంటే వేరు. విడిగా చక్కెర కలపలేదని మాత్రమే దాని అర్థం. పదార్థంలో సహజంగా ఉన్న చక్కెర ఉంటూనే ఉంటుంది. తర్వాత పిండిపదార్థం లెక్క చూడండి. మొక్కజొన్న పిండి, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి చక్కెర లెక్కలో కనిపించకుండా రక్తంలో చక్కెరగా తేలతాయి. టమాటా కెచప్‌లో 100 గ్రాములకు 20 గ్రాములు దాటి చక్కెర ఉండడం మామూలు. టెరిట్టా బజార్, టాంగ్రా వైపు దొరికే చైనీస్ సాస్‌లంటే నాకు చాలా ఇష్టం, కానీ నల్ల సోయా సాస్, ఆయిస్టర్ సాస్, హోయ్‌సిన్ సాస్‌లలో చక్కెర ఉంటుంది. పల్చటి సోయా సాస్ ఒక చెంచా వేస్తే ఫర్వాలేదు, అప్పుడు ఉప్పు తగ్గించాలి.

10. కృత్రిమ తీపి వేయాలా? నా మాట, వద్దు. వేసే తీరాలనుకుంటే ఎరిత్రిటాల్ రక్తంలో చక్కెరని పెద్దగా పెంచదు, వేడికి తట్టుకుంటుంది, కాకపోతే నోట్లో చల్లగా తగులుతుంది. ఆస్పర్టేమ్ ఎక్కువసేపు ఉడికితే తీపి పోతుంది, కనుక ఈ వంటకి పనికిరాదు. స్టీవియా ఎక్కువైతే చేదు. పొడి పొట్లాలలో కొన్నిటిని డెక్స్‌ట్రోజ్‌తోనో మాల్టోడెక్స్‌ట్రిన్‌తోనో నింపుతారు, అదీ చూసుకోవాలి. బరువు తగ్గడానికి స్టీవియా, ఆస్పర్టేమ్ లాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. నా అభ్యంతరం వేరే: సాస్ తియ్యగా ఉన్నంతకాలం నాలుక తీపినే అడుగుతుంది. రెండు మూడు నెలలు తీపి లేని సాస్ తింటే ఉల్లిపాయలోని తీపి కూడా తెలుస్తుంది. మా ఇంట్లో పిల్లలే ముందు అలవాటు పడ్డారు.

11. పులుపు అనగానే మన చెయ్యి చింతపండు వైపు పోతుంది. చింతపండులో 100 గ్రాములకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, అందులో ఎక్కువ చక్కెరలే. నిమ్మకాయంత ముద్దతో కొంపలు మునగవు గానీ సాస్‌కి కావలసినంత చిక్కగా తీస్తే లెక్క పెరుగుతుంది. మామూలు తెల్ల వెనిగర్ మూడు పెద్ద చెంచాలు చాలు, అందులో పిండిపదార్థం లేదు.

గంధరాజ్ నిమ్మకాయ దొరికే కాలంలో దాని తొక్కని పల్చగా తురిమి, వడ్డించే ముందు రిబ్స్ మీద చల్లండి. ఉడికేటప్పుడు వేస్తే వాసన ఎగిరిపోయి చేదు మిగులుతుంది. తురిమేటప్పుడు ఆకుపచ్చ పొర వరకే, తెల్లది తగలకూడదు.

12. గోంగూరతో కూడా సాస్ చేయవచ్చు, నాకైతే టమాటా సాస్ కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. బెంగాల్‌లో దీన్ని మేస్తా పాతా అంటారు. దక్షిణాది కూరలు దొరికే లేక్ మార్కెట్‌లో అడిగి చూడండి. రెండు కట్టల ఆకు ఆవనూనెలో మగ్గించి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి మెత్తగా నూరి, కొద్దిగా వెనిగర్‌తో పల్చన చేస్తే ముదురు రంగు పుల్లటి సాస్ సిద్ధం. దీన్ని ఉడికిన రిబ్స్ మీద రాసి కాల్చితే గోంగూర అంచులు మాడి పొగవాసన పట్టుకుంటాయి.

13. టమాటా సాస్ వివరం ఇది. ఆవనూనె రెండు చెంచాలు పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి ఎర్రగా వేయించాలి. పది వెల్లుల్లి రేకలు, అంగుళం అల్లం నూరి వేసి, పచ్చివాసన పోయాక 400 గ్రాముల బాగా పండిన టమాటాల గుజ్జు పోయాలి. కాశ్మీరీ కారం ఒక చెంచా, మిరియాలు, ఉప్పు, వెనిగర్, ఒక చెంచా కాసుంది. చివర్లో రెండు పెద్ద చెంచాల చిక్కటి ఫిల్టర్ కాఫీ డికాషన్. కాఫీ వింతగా తోచవచ్చు. బార్బెక్యూ సాస్‌లో మొలాసిస్ చేసే పని రంగు, చేదు, లోతు ఇవ్వడం. చక్కెర లేకుండా ఆ మూడూ డికాషన్ ఇస్తుంది. కాఫీ వేశారని తినేవాళ్ళు కనిపెట్టలేరు. గరిటె వెనక అంటుకుని నిలిచేదాకా ఇరవై నిమిషాలు దగ్గరపడనివ్వండి. దించగానే సగం వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టాలి. పచ్చి మాంసం తగిలిన సాస్‌ని తర్వాత పైన రాయకూడదు.

ఈ సాస్ మొత్తంలో పిండిపదార్థం సుమారు 35 గ్రాములు. మనిషికి 7 గ్రాములు, అదీ కొంత పీచుతో కలిపి.

14. కుక్కర్ సంగతి. నాలుగైదు లీటర్లది ఒక కుటుంబానికి సరిపోతుంది. 250 వాట్లదైతే ఎనిమిది గంటలకి రెండు యూనిట్ల కరెంటు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన కుక్కర్ అయితే అడుగున 120 వోల్టులు అని ఉందేమో చూడండి. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లు కొన్నిటిలో స్లో కుక్ మీట ఉంటుంది, అదీ పనికొస్తుంది.

అసలు ఇలా నింపాదిగా ఉడికించే యంత్రం ఈ ఊరికి కొత్త కాదు. 1910లో ఇందుమాధవ్ మల్లిక్ అనే వైద్యుడు ఇక్మిక్ కుక్కర్‌ని ఇక్కడే తయారుచేశారు. పొడుగాటి డబ్బాలో అడుగున బొగ్గు నిప్పు, నీళ్ళు, పైన టిఫిన్ క్యారియర్‌లా ఒకదాని మీద ఒకటి గిన్నెలు. పొద్దున నిప్పు వేసి పనికి వెళ్ళి వచ్చేసరికి ఆవిరి మీద అన్నం, పప్పు, మాంసం ఒకేసారి సిద్ధం. మెస్సుల్లో ఉండే ఒంటరివాళ్ళకి, ప్రయాణికులకి అది పెద్ద అండగా ఉండేది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్‌కి ఎలక్ట్రిక్ స్లో కుక్కర్ పేటెంట్ వచ్చింది 1940లో, క్రాక్ పాట్ పేరుతో అది ఇంటింటికీ చేరింది 1971 తర్వాత. మీ ఇంట్లో కుక్కర్ లేకపోతే దిగులేం లేదు. మందపాటి గిన్నె, బరువైన మూత, అంచుకి గోధుమపిండి ముద్ద అతికించి, పెనం మీద పెట్టి అతి సన్నసెగన నాలుగు గంటలు ఉంచండి. ఆ పిండి తినేది కాదు కనుక లెక్కలోకి రాదు.

15. రిబ్స్‌ని గిన్నె గోడకి ఆనించి నిలువుగా, మాంసం వైపు బయటకి ఉండేలా అమర్చండి. అడుగున సాస్ సగభాగం వేడివేడిగా పోయండి. నీళ్ళు అరకప్పుకి మించొద్దు, మాంసం తన రసం తనే వదులుతుంది. గిన్నె సగానికి పైన, మూడింట రెండు వంతుల లోపు నిండాలి. లో మీద వీపు వైపు పోర్క్ ఆరు గంటలు, పొట్ట వైపుది ఏడెనిమిది, రేవాజీ మేక ఎనిమిది. హై మీద దాదాపు సగం సమయం. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ కట్టిన మాంసం నేరుగా వేయవద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ముందురోజే ఫ్రిజ్‌లోకి దించి కరగనివ్వాలి. పోర్క్ అయితే మరీ జాగ్రత్త, సగం ఉడికింది తినకూడదు.

16. అవసరం లేకుండా మూత తీయకండి. ఒకసారి తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

17. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం కాల్‌బైశాఖీ గాలివాన వస్తే కరెంటు పోవడం మామూలే. అందుకని ఎండాకాలం నేను వంట తెల్లవారుజామునే మొదలుపెట్టి మూడింటికల్లా ముగిస్తాను. మధ్యలో కరెంటు పోతే వెంటనే గ్యాస్ మీదికి మార్చి పూర్తిచేయండి. మీరు ఇంట్లో లేనప్పుడు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఎంత ఖరీదైన మాంసమైనా పారేయాల్సిందే.

18. ఉడికిందని ఎలా తెలుస్తుంది? పట్టీని మధ్యలో పట్టకారుతో ఎత్తితే రెండు కొసలూ వంగి, మాంసం పైన సన్నటి పగులు రావాలి. ఎముక కొస అర అంగుళం బయటపడాలి. ఎత్తగానే ఎముక ఊడి చేతికొస్తే ఎక్కువైనట్టు. అప్పుడు కాల్చే దశ మానేసి మాంసం విడదీసి సాస్‌లో కలిపి తినండి, రుచికేం లోటుండదు.

19. రసం వడగట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పైన గడ్డకట్టిన కొవ్వు తీసేయండి. కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళకి ఈ పని తప్పదు. అడుగున జెల్లీలా గట్టిపడిందంటే ఎముకల సారం బాగా దిగినట్టు. దాన్ని వెడల్పాటి మూకుడులో పెద్దమంట మీద పావువంతుకి మరిగించి, పక్కన పెట్టిన సాస్‌లో కలిపితే ఆ జిగురే మెరుపు తెస్తుంది. ఇంకా చిక్కదనం కావాలంటే మొక్కజొన్న పిండి వేయకండి, శనగపిండి కూడా వద్దు. ఒక చెంచా గసగసాలు నానబెట్టి నూరి కలపండి. గసగసాల పిండిపదార్థంలో ఎక్కువ భాగం పీచే. ధర ఆకాశంలో ఉన్నా ఒక చెంచాకి భయపడక్కర్లేదు.

20. ఈ మెట్టు మాత్రం వదలొద్దు. స్లో కుక్కర్‌లో నీటి ఆవిరి వేడికి మించి పోదు కనుక మాంసం ఎర్రబడదు, లేతగోధుమ రంగులో నీరసంగా కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆపేసి చప్పగా ఉందంటారు, తీపి లేకపోవడమే కారణమనుకుంటారు. రిబ్స్‌ని జాగ్రత్తగా తీసి తడి ఆరనిచ్చి, సాస్ పల్చగా రాసి, ఓటీజీలో పై కడ్డీలు మాత్రం వెలిగించి 230 డిగ్రీల మీద ఐదారు నిమిషాలు కాల్చండి. మళ్ళీ ఒక పూత, మళ్ళీ మూడు నిమిషాలు. చక్కెర సాస్ అయితే ఈ వేడికి క్షణంలో మాడి చేదెక్కుతుంది. మన సాస్‌కి ఆ భయం లేదు, ధైర్యంగా వేడి పెంచుకోవచ్చు. ఓటీజీ లేకపోతే ఇనుప పెనం బాగా కాచి, మాంసం వైపు బోర్లించి రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి.

21. పొగ కోసం బొగ్గు. కొట్లో కాఠ్ కొయ్లా అని అడగాలి, అంటే కట్టెబొగ్గు. ఉత్త కొయ్లా అంటే రాక్షసిబొగ్గు ఇస్తారు. ఆ పొగ వంటకి పనికిరాదు, ఒంటికీ మంచిది కాదు. బొగ్గు ముక్కని గ్యాస్ మీద ఎర్రగా కాల్చి, రిబ్స్ గిన్నె మధ్యలో చిన్న స్టీలు కప్పులో పెట్టి, అర చెంచా నెయ్యి వేసి వెంటనే మూత పెట్టండి. నాలుగు నిమిషాలు చాలు, ఎక్కువైతే గొంతు పట్టేస్తుంది. కిటికీ తెరిచి ఉంచాలి.

22. పక్కన ఏం పెట్టాలి? ముందు ఏం వద్దో చెబుతాను: బంగాళాదుంప. ఈ ఊళ్ళో బిరియానీలోనూ అదే, మాంసం పులుసులోనూ అదే. 100 గ్రాముల దుంపలో సుమారు 17 గ్రాముల పిండిపదార్థం. దాని బదులు ముల్లంగి, శాల్గం, పచ్చి బొప్పాయి పెద్ద ముక్కలుగా వేసి చివరి రెండు గంటలు రిబ్స్‌తో ఉడికించవచ్చు. సన్నగా తరిగిన క్యాబేజీలో పెరుగు, కాసుంది, గంధరాజ్ రసం కలిపితే మంచి పచ్చడి. శీతాకాలంలో కాలీఫ్లవర్ వేపుడు, మిగతా రోజుల్లో దొండకాయ. అన్నం కావాలంటే చిన్న గిన్నెడు, మాంసం కూర తిన్నాక చివర్లో.

23. మందులు వాడేవాళ్ళు ఇది తప్పక చదవాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వేసుకుంటూ అన్నం, రొట్టె ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోయి కళ్ళు తిరగవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్ళు పిండిపదార్థం దాదాపు మానేస్తే, మీటరులో చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు పేరుకునే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉంటే మాంసమూ ఉప్పూ కొలత మీదే తినాలి. ఒక పూట భోజనానికి ఇంత ఆలోచన అక్కర్లేదు, రోజువారీ తిండిని మార్చాలనుకుంటే మాత్రం ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి.

24. మిగిలితే రెండు గంటల్లోపు, మండు వేసవిలో గంటలోపే ఫ్రిజ్‌లోకి చేరాలి. కుక్కర్ కుండతో సహా పెట్టకండి, మందపాటి పింగాణీ లోపలి వేడిని గంటల తరబడి పట్టి ఉంచుతుంది. విడదీసి వెడల్పాటి డబ్బాల్లో సర్దండి. మూడు రోజులు నిలవుంటుంది. మళ్ళీ వేడిచేసేది గ్యాస్ మీదే, పొగలు కక్కేదాకా. స్లో కుక్కర్‌లో చల్లటి కూర వేడెక్కేసరికి చాలాసేపు పడుతుంది.

25. తిన్నాక మిగిలిన ఎముకల్ని వీధికుక్కలకి వేయడం మన పాడాల్లో, అంటే పేటల్లో, అలవాటు. ఉడికిన ఎముక పెళుసుగా చీలి వాటి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. వాటికి మసాలా కడిగిన మాంసం ముక్కలు పెట్టండి, ఎముకలు చెత్తబుట్టలో మూతకింద పడేయండి.